గోడ మీది చలానా

చిన్నకోడలికి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. తన కూతురు పెద్దయ్యాక, ఏ కాయితం అర్థం కాకపోయినా, అమ్మని దాటుకుని పెద్దమ్మ దగ్గరికి పరిగెడుతుందేమోనని. మిగతా భయాలు లేవని కాదు. లారీ తోలే మొగుడు రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ ఫోను మోగితే ఉలికిపడుతుంది. పిల్ల రెండుసార్లు దగ్గితే మూడోసారి కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది. కానీ అవన్నీ వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పిల్ల కడుపులో ఉన్నప్పుడే వచ్చి తిష్ఠ వేసింది. ఆ పిల్లకిప్పుడు పద్నాలుగు నెలలు. ఇంకా నాలుగు మాటలు కూడా రావు.

సోమవారం పొద్దున ఆమె ఎవరిదో ప్యాంటుకి జిప్పు మారుస్తోంది. పాత కుట్లని బ్లేడు మొనతో ఒక్కొక్కటీ తెంపి, దారప్పోగుల్ని నాలిక తడి చేసిన వేలితో ఏరి పారేస్తోంది. పెదాల మధ్య రెండు గుండుసూదులున్నాయి. అత్తగారు కవరు పట్టుకొచ్చి కుట్టుమిషను పక్కన పెట్టింది.

"ఏదో గవర్నమెంటు కవరులా ఉందమ్మాయ్. పెద్దదానికి చూపించు."

ఇంకా చింపను కూడా చింపలేదు. చిన్నకోడలు సూదులు తీసి మిషను మీది గుడ్డదిండుకి గుచ్చింది. "నేను చదువుతాలే అత్తయ్యా."

"చదువు. నేనేమన్నా వద్దన్నానా? చదివాక పెద్దదానికి చూపించు."

ఒళ్ళు మండింది. పిల్లని అత్తగారి ఒళ్ళో పెట్టి, కవరుని కత్తెరతో తిన్నగా కత్తిరించి, ఉత్తరాన్ని మిషను బల్ల మీద పరిచింది. తొమ్మిదో క్లాసు సగంలో బడి మానేసిన మనిషి. వేలు పెట్టుకుని చదివితే చదవలేనిది లేదు, కాకపోతే వేలు నెమ్మదిగా నడుస్తుంది. పోయినేడాది ఒక హోటలుకి నలభై గదుల కర్టెన్లు కుట్టిచ్చింది. ఆ డబ్బు మీద పన్నుట. పద్దెనిమిది వేల నాలుగు వందలు. వచ్చే వారం శుక్రవారంలోపు కట్టాలి. కట్టకపోతే జరిమానా, ఆపైన బ్యాంకు ఖాతా ఆపేస్తారు. ఆ ఖాతాలోకే మొగుడి జీతం వస్తుంది. ఇంటద్దె అందులోంచే, పిల్ల పాలు అందులోంచే.

డబ్బుంది. కర్టెన్ల డబ్బులో కొంత ఆమె ముట్టుకోకుండా దాచింది. కాబట్టి గొడవ డబ్బుతో కాదు. ఉత్తరం అడుగున 'చెల్లించే విధానాలు' అని అయిదు రాశారు. ఫోనులో కట్టొచ్చు. కంప్యూటరులో కట్టొచ్చు. చెక్కు పోస్టులో పంపొచ్చు. బ్యాంకులో చలానా నింపి కట్టొచ్చు. ఒకేసారి కట్టలేనివాళ్ళు ఆఫీసుకి వెళ్ళి అర్జీ పెట్టుకుంటే వాయిదాల్లో కట్టొచ్చు. ఆమె అయిదూ రెండుసార్లు చదివింది. అయిదు దారులకీ మొదట్లో అక్కే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు కనిపించింది.

అక్కంటే తోటికోడలు. రెండు వీధుల అవతల జిరాక్సు కొట్టు. పేరుకి జిరాక్సు గానీ, ఊళ్ళో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా, ఏ బిల్లు కట్టాలన్నా అక్కడికే. డిగ్రీ చదివింది. తెర వంక చూస్తూ, చేతుల వంక చూడకుండా టైపు కొడుతుంది. చుట్టాలందరికీ 'కంప్యూటరక్క'.

'ఈసారి వెళ్ళను' అనుకుంది చిన్నకోడలు. 'నా పన్ను నేను కట్టుకుంటాను. కట్టాక రశీదు తీసుకెళ్ళి అత్తయ్య ముందు పెడతాను.'

మంగళవారం ఫోనుతో మొదలుపెట్టింది. పాస్‌వర్డు పెట్టమంది. పెట్టింది. అందులో ఒక పెద్దక్షరం ఉండాలంది. పెట్టింది. ఒక అంకె, ఒక గుర్తు ఉండాలంది. అన్నీ పెట్టాక, మీ నంబరుకి కోడు పంపామంది. ఆ నంబరు మొగుడిది. ఫోను చేసింది.

"కోడు వచ్చిందా?"

"బండిలో ఉన్నానే. పక్కకి ఆపనీ."

ఆపేసరికి కోడుకి గడువైపోయింది. మళ్ళీ పంపించింది. మళ్ళీ అంతే. మూడోసారికి ఆయనకి నవ్వొచ్చింది. "నీ కోడు రెండు నిమిషాలే బతుకుతోంది. నాకు ఈ బండి ఆపడానికే మూడు నిమిషాలు పడుతుంది. ఎందుకొచ్చిన తంటా, వదినకి ఇచ్చేయకూడదూ? చిటికెలో చేసేస్తుంది."

"మీ వదినకి వేరే పనుల్లేవా?"

"నీకేమైందే?"

"ఏం కాలేదు. చూసి తోలండి," అని పెట్టేసింది.

బుధవారం పన్నుల ఆఫీసు వాళ్ళ నంబరుకి చేసింది. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి, వేచి ఉండండి. పాట వినిపించింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రెండు ప్యాంట్ల అంచులు మడిచి కుట్టేసింది. ముప్పావు గంటకి అవతల మనిషి గొంతు "చెప్పండి" అంది. అప్పుడే పిల్ల పాక్కుంటూ వచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఫోను లాగి నోట్లో పెట్టుకుంది. ఫోను కట్టయిపోయింది. పిల్లని కొట్టబోయి, చెయ్యి దించి, ముద్దుపెట్టుకుని ఏడ్చింది. ఆ మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్తే, చెక్కుల పుస్తకం కావాలంటే పది రోజులు పడుతుందన్నారు. అదే బ్యాంకులో ఖాళీ చలానా కాయితాలు రెండు ఇచ్చారు. "నింపి తేండి. తప్పుల్లేకుండా. కొట్టివేతలుంటే తీసుకోం," అంది కౌంటరమ్మాయి.

ఇంటికి తెచ్చి పరిచింది. చలానా నిండా గళ్ళే. ఒక వరసలో పద్నాలుగు గళ్ళు. ఏ గడిలో ఏం రాయాలో ఒక్కటీ అంతుపట్టలేదు.

కుట్టుపనిలో ఆమెకో పద్ధతుంది. ఎవరైనా టేపుతో కొలతలు రాసుకొస్తే నమ్మదు. "సరిపోయే చొక్కా ఒకటి తెచ్చివ్వండి" అంటుంది. దాన్ని బట్ట మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీసి, కత్తిరిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా తిరిగి రాలేదు. నమూనా చేతిలో ఉంటే ఆమెకి లోకంలో దేనికీ భయం లేదు. ఖాళీ చలానా చూస్తూ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, అక్క కొట్లో గోడ నిండా నమూనాలే అని.

గురువారం పిల్లనెత్తుకుని వెళ్ళింది. కొట్టు నిండా జనం. మిషను మూత కింద వెలుతురు ఆ చివర నుంచి ఈ చివరకి జారుతోంది. అక్క జడలో పెన్ను గుచ్చుకుని, వేడి కాయితాల కట్టని బల్ల మీద రెండుసార్లు తట్టి, అంచులు సమం చేసి పిన్ను కొడుతోంది. "అక్కా, నాది ముందు." "అక్కా, ఇక్కడ సంతకమా?" ఒక ముసలాయన వెళ్తూ వెళ్తూ "చల్లగా ఉండమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకీ చిన్నకోడలు పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. తను కోటు లోపలి గుడ్డంతా విప్పి మళ్ళీ కుట్టినా "ఇంతేనా, ఎంత?" అంటారు గానీ, చల్లగా ఉండమని ఎవరన్నారు?

పిల్ల పెద్దమ్మని చూడగానే రెండు చేతులూ చాచి ముందుకు ఉరికింది.

"దా దా, నా బంగారూ!" అక్క ఎత్తుకుని, జడలోంచి పెన్ను తీసి దాని చేతికిచ్చింది. "ఏంటే, ఇలా వచ్చావు? పన్నుల వాళ్ళ కాయితమటగా, అత్తయ్య ఫోనులో చెప్పింది. ఇటు తే, అయిదు నిమిషాలు."

"కట్టేశాం అక్కా. ఆయన లారీలోంచే కట్టేశారు."

"అబ్బో! మీ ఆయన అంత ఎప్పుడు నేర్చాడు?" అని నవ్వింది. కొట్లో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు.

"పిల్ల టీకాల కార్డు జిరాక్సు కావాలి," అంది.

అక్క మిషను వైపు తిరిగింది. వరసలో ఉన్నావిడ ఊరికే అడిగింది, "మీ వారు ఇంకా రాలేదా? ఆ ఊళ్ళోనే ఉండిపోయేట్టున్నారే?"

"వస్తారు. అక్కడ పని తెమలాలిగా," అంది అక్క. పిన్ను కొట్టిన చోటే మళ్ళీ పిన్ను కొట్టింది.

చిన్నకోడలు అదేం పట్టించుకోలేదు. ఆమె చూపు గోడ మీద ఉంది. బడి దరఖాస్తు, బ్యాంకు ఫారం, లైసెన్సు కాయితం, వాటి కింద పన్ను చలానా. అక్క గుండ్రటి చేతిరాతతో నింపినది. పేరు ఉన్నచోట తెల్ల కాయితం ముక్క అంటించి ఉంది. మిగతావన్నీ కనిపిస్తున్నాయి. ఫోను నడుం దగ్గరే పట్టుకుని, అక్క వీపు ఇటున్న క్షణంలో, ఫోటో తీసేసింది. ఫోటో చెదరకుండా వచ్చింది.

ఆ మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక కూర్చుంది. ముందు మొదటి కాయితం మీద పెన్సిలుతో, తర్వాత రెండోదాని మీద పెన్నుతో. పేరు తనది రాసింది. ఇంటి అడ్రసు తనది. డబ్బు తనది, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. మిగతాదంతా నమూనాలో ఎలా ఉందో అలా. ఏ సంవత్సరం, ఏ రకం పన్ను, ఆ పద్నాలుగు గళ్ళ నంబరు. ఆ నంబరు గవర్నమెంటు వాళ్ళ ఖాతాదని ఆమె అనుకుంది. డబ్బు వాళ్ళకేగా వెళ్ళేది! తన ఉత్తరంలో కుడిమూల ఇంకో పద్నాలుగంకెల నంబరుంది, అది ఉత్తరాలకి వేసుకునే వరస నంబరు కాబోలనుకుంది. ఒక్కొక్క అంకే ఫోటోలో చూసి, పైకి చదివి, గడిలో దించింది. ఒక్క కొట్టివేత లేదు.

శుక్రవారం బ్యాంకులో కౌంటరమ్మాయి చలానా అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు నింపారండీ? నీటుగా ఉంది," అంది.

"నేనే," అంది చిన్నకోడలు.

ఠప్పున ముద్ర పడింది. సగం కాయితం చింపి చేతికిచ్చారు. ఇంటికి వచ్చేటప్పుడు కావాలనే ఒక వీధి చుట్టు తిరిగి, అక్క కొట్టు ముందు నుంచి, తల తిప్పకుండా నడిచింది. ఇంట్లో రశీదు అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు దాన్ని దూరంగా, దగ్గరగా పట్టుకుని చూసి, "ముద్రుంది," అని ఒప్పుకుంది. "ఎందుకైనా మంచిది, పెద్దదానికి…"

"అత్తయ్యా!"

"సరేలే తల్లీ."

ఆ తర్వాత నాలుగు రోజులూ కుట్టుమిషను దానంతటదే తిరిగినట్టు తిరిగింది.

బుధవారం మెసేజి వచ్చింది. 'మీ బాకీ పద్దెనిమిది వేల నాలుగు వందలు ఇంకా అందలేదు. గడువు శుక్రవారం.' ఆమె అయిదుసార్లు చదివింది. రాత్రంతా రశీదు దిండు కింద పెట్టుకుని, గురువారం తెల్లారగానే పిల్లని అత్తగారికి అప్పగించి, పన్నుల ఆఫీసుకి వెళ్ళింది. నాలుగో కిటికీ దగ్గర వరస. ఆమె ముందున్న పెద్దాయన రుమాలులో కట్టి తెచ్చిన నోట్లు కిటికీ లోపలికి తోశాడు. గుమాస్తా వెనక్కి తోశాడు. "ఇక్కడ నగదు తీసుకోం తాతా. అయిదు రకాలుగా కట్టొచ్చు, ఆ కాయితం చూడు." "ఇది పన్నుల ఆఫీసేగా బాబూ?" "అవును." "ఇది డబ్బేగా?" గుమాస్తా "తర్వాతెవరు?" అన్నాడు. పెద్దాయన రుమాలు మళ్ళీ ముడేసుకుంటూ పక్కకి జరిగాడు.

గుమాస్తా ఆమె రశీదు చూశాడు. నంబరు కొట్టాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మళ్ళీ దించి చూశాడు.

"డబ్బు వచ్చిందమ్మా. మీ ఖాతాలోకి కాదు."

"మరి?"

"ఈ నంబరు మీది కాదుగా. మనిషికో నంబరు ఉంటుంది. మీది మీ ఉత్తరం మీద ఉంది, ఇదిగో. మీరు ఇంకెవరి నంబరో వేశారు. వాళ్ళ బాకీలో జమైపోయింది."

"బాకీలోనా?" అందామె. "వాళ్ళకి బాకీ ఉందా?"

గుమాస్తా నాలిక కరుచుకున్నాడు. "నేనేం చెప్పలేదు. ఆ మనిషి చేత, ఇది పొరపాటున నా పేర పడింది, మార్చండి అని సంతకం పెట్టించి తెండి. రేపు మధ్యాహ్నంలోపు. లేదంటే ఈ ఫారం. అర్జీ పెట్టి ఆరువేలు కట్టండి, మిగతాది మూడు వాయిదాలు. ఆ పోయిన డబ్బుకి వేరే అర్జీ పెట్టుకోండి, ఏడాదికో రెండేళ్ళకో వస్తుంది."

ఇంట్లో గుండీల డబ్బాలో ఏడువేల చిల్లర ఉంది. లెక్క ఆమె మనసులో చకచకా అయిపోయింది. అయినా మెట్లు దిగుతుంటే ఆమెని నడిపించింది ఆ లెక్క కాదు. గోడ మీది చలానా అక్క చేతిరాతే, అక్క సొంతదే అయ్యుండాలి. ఊరందరి పన్నులూ కట్టే కంప్యూటరక్కకి బాకీ! ఎవరికీ తెలియకుండా! కాళ్ళు తేలిపోతున్నాయి. అత్తయ్యకి ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో దారి పొడుగునా కూర్చుకుంది.

కొట్లో ఎవరూ లేరు. అక్క మిషను అద్దం తడిగుడ్డతో తుడుస్తూ కూనిరాగం తీస్తోంది. ఉతికిన చీర కట్టుకుంది. ముఖం నిన్న మొన్నటి ముఖంలా లేదు.

"రావే, రా! నువ్వే వచ్చావు, మంచిదైంది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కేట్టుంది. కూర్చో." కుర్చీ లాగింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పలేదు. రెండేళ్ళ పన్ను బాకీ ఉన్నానే. అందరివీ కట్టేదాన్ని, నాది కట్టుకోలేకపోయా. నోటీసు మీద నోటీసు. ఈ మిషను పట్టుకుపోతామని రాశారు. మీ బావగారికి ఒక్క మెసేజి పెట్టా. ఆరు నెలల నుంచి నా ఫోనెత్తని మనిషి. జవాబు లేదు. ఇంక అంతేలే అనుకున్నా. సోమవారం ఆఫీసు నుంచి మెసేజి వచ్చింది, నా ఖాతాలో డబ్బు జమైందని! ఎంతనుకున్నావు? పద్దెనిమిది వేల నాలుగొందలు. చూడు, గుండ్రటి లెక్క కూడా కాదు. జేబులో ఉన్నదంతా ఊడ్చి కట్టినట్టున్నారు."

కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"ఇంకా ఫోనెత్తడం లేదనుకో. ఎత్తకపోతేనేం. మీ ఆయనలా లారీలోంచి కట్టానని ఊరంతా చాటుకునే రకం కాదు మీ బావగారు. గుట్టు మనిషి."

చిన్నకోడలు ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోవచ్చు. సంచిలో వాయిదాల ఫారం ఉంది. ఇంట్లో ఏడువేలున్నాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆ క్షణంలో బాగానే తెలుసు. కానీ ఎదురుగా ఆ ముఖం వెలిగిపోతోంది. డిగ్రీ ఉంది, కొట్టుంది, చల్లగా ఉండమనే జనం ఉన్నారు, ఇప్పుడిక మాటామంతీ లేకుండానే ప్రేమగా డబ్బు కట్టే మొగుడు కూడానా! ఆ వెలుగు కూడా తన డబ్బుతోనే!

"అది బావగారు కట్టింది కాదక్కా," అంది. "నేను కట్టింది."

రశీదు బల్ల మీద పెట్టింది.

అక్క ముందు నవ్వుతూనే చూసింది. తర్వాత కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. పద్నాలుగు గళ్ళ మీదా వేలు పెట్టి ఒక్కొక్క అంకే దాటింది, ఎప్పుడూ వేలు పెట్టి చదవని మనిషి. చివరి గడి దగ్గర వేలు ఆగిపోయింది. తలెత్తి గోడ మీది చలానా చూసింది.

"ఫోటో ఎప్పుడు తీశావే?"

"నువ్వు జిరాక్సు తీసేటప్పుడు."

"అడిగితే నేను కట్టిపెట్టేదాన్ని కదే."

"తెలుసు. అందుకే అడగలేదు."

అక్క తెల్ల కాయితం ఒకటి తీసుకుంది. ఏం రాయాలో చెప్పబోతే, వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆవిడకి తెలియని కాయితమా? పొరపాటున నా పేర జమైన మొత్తం, సంబంధిత వ్యక్తి ఖాతాకి మార్చవలసిందిగా. అదే గుండ్రటి చేతిరాత, ఒక్క అక్షరం వంకర పోలేదు. సంతకం పెట్టి, రశీదుకి జిరాక్సు తీసి, రెండూ కలిపి, అంచులు తట్టి సమం చేసి, పిన్ను కొట్టింది.

"రశీదు అసలుది ఇవ్వకు. ఇది ఇవ్వు. రేపు పన్నెండులోపు వెళ్ళు, తర్వాత ఆ గుమాస్తా భోజనానికి లేస్తాడు," అంది. గొంతు మామూలుగానే ఉంది. అలా మామూలుగా ఉండడమే చిన్నకోడలికి వినడం కష్టమైంది.

"అక్కా…"

"వెళ్ళవే. పిల్ల నీకోసం ఏడుస్తుంటుంది."

శుక్రవారం పదకొండింటికల్లా నాలుగో కిటికీలో పని అయిపోయింది. గుమాస్తా ఆ రాత చూసి "ఇలా తెస్తే ఎంత బాగుంటుందమ్మా అందరూ," అన్నాడు. సాయంత్రానికి మెసేజి వచ్చింది. 'మీ బాకీ పూర్తిగా చెల్లింది.' చిన్నకోడలు దాన్ని అత్తగారికి చదివి వినిపించలేదు. దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోట్లోంచి రాలేదు. ప్యాంటు కాలొకటి తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది.

శనివారం వెళ్ళింది. షట్టరు దించి ఉంది. ఆదివారం సెలవు కదా అని ఆగింది. సోమవారం మళ్ళీ వెళ్ళింది. పక్క కొట్టు చెప్పుల ఆయన చెప్పాడు. "వస్తోందమ్మా. పొద్దున్నే వస్తుంది, లోపలికెళ్ళి షట్టరు దించేసుకుంటుంది. ఎవరైనా పిలిచినా పలకదు. మిషను చప్పుడు కూడా లేదు." చిన్నకోడలు షట్టరు కొట్టింది. "అక్కా, నేనే," అంది. లోపల కుర్చీ కాలు నేలకి రాసుకున్న చప్పుడైంది. అంతే. "అక్కా," అంది మళ్ళీ. ఫోను చేస్తే లోపలే మోగింది, మోగి మోగి ఆగిపోయింది. తన గొంతు విన్నంతసేపూ ఆ షట్టరు లేవదని అప్పుడర్థమైంది. మొగుడితో చెబుదామంటే ఏమని చెప్పాలి? అత్తగారితో చెబుదామంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీ గొంతు ఆవిడకి తెలియదు. బజారు వైపు నుంచి వస్తే ఎడం చేతి రెండో వీధి, చెప్పుల కొట్టుకి ఆనుకునే ఉంటుంది. అటు వెళ్ళే పని ఉన్నా, లేకపోయినా, ఒక్కసారి వెళ్ళి షట్టరు తట్టండి. తీసేదాకా ఉండండి. అన్నం తిన్నావా అమ్మా అని అడగండి. ఎవరు పంపారని అడిగితే మాత్రం చెప్పకండి.